ఇంకొక్క ఊపు

ఎంటర్ నొక్కిన తరువాత సమాధానం చెప్పడానికి యంత్రం కొంచెంసేపు ఆగుతుంది. ఆ ఆగడం జబ్బు కాదు, నియమం. దొంగ ఎవడైనా కూర్చుని పదాలు మార్చి మార్చి ప్రయత్నించదలిస్తే వాడి ఆయుష్షు చాలకూడదని, ఇచ్చిన ప్రతి పదాన్నీ వేలసార్లు నలిపి వడగట్టి గాని పరీక్షించరాదని ఆ ఏర్పాటు చేసినవారు నిర్ణయించారు. అనంతపద్మనాభంగారికి ఆ నియమం పట్ల మొదటినుంచీ గౌరవమే. కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పినంత కాలమూ, జవాబు సరిపోయినా మెట్లు వదిలేసిన విద్యార్థికి మార్కులు తగ్గించిన మనిషి ఆయన. కాని ఈ మధ్యాహ్నం, విజయనగరం కోటకు పడమటి వైపున్న ఈ వీధి వీధంతా భోంచేసి కళ్లు మూసుకున్న వేళ, దొంగ కూర్చోవలసిన కుర్చీలో తానే కూర్చుని ఉండగా, ఆ కొంచెంసేపు ఎంత లోతైనదో ఆయనకు తెలిసివచ్చింది. వేలు మీట మీదనుంచి లేవడానికీ, తెర మీద అక్షరాలు పడడానికీ నడుమ ఒక బావి ఉంది. మనసు అందులోకి చేదలాగ దిగుతుంది, ఎక్కడో నీళ్లను తాకుతుంది, తాకినట్టు చప్పుడు వినిపించేలోగా తాడు ఎవరో లాగేస్తారు. ఈ పాస్‌ఫ్రేజుకు, అంటే నొక్కిన ఈ రహస్యపదానికి, తగిన తాళంచెవి లేదు. ఇంగ్లీషులో ఒక్క వాక్యం, చివరి చుక్కతో సహా. దోషం లేని వాక్యం కనుక కోపగించుకోవడానికి కూడా వీలులేదు.

ఎండ వాలేసరికి ఆశ్రిత వస్తుంది. మాట పోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పే చదువు చదువుకున్న పిల్ల. మాఘమాసంలో ఒక ఉదయం ఆయన భార్య జ్ఞానాంబ పూలసజ్జ పట్టుకున్న కుడిచేయి ఎవరిదో అయినట్టు ఆశ్చర్యంగా చూసుకుంటూ అరుగు మీద కూలబడిన నాటినుంచి, ఈ ఇంట్లో ఒక్క మాటే మిగిలింది. "అది." మంచినీళ్లూ అదే, మందూ అదే, కిటికీ తలుపూ అదే, అనంతపద్మనాభంగారూ అదే. ఆశ్రిత వారానికి మూడుసార్లు వచ్చి, బొమ్మలు చూపించి, పెదవులు కదిపి చూపించి, చేత్తో తాళం వేసి చూపించి, కిందటిసారి వెళ్లిపోతూ గుమ్మంలో ఆగింది. మెదడులో మాటలుండే గది వేరు, పాటలుండే గది వేరు తాతగారూ అంది. ఒక గది తలుపు బిగుసుకుపోతే కొందరికి రెండో గదిలోంచి దారి దొరుకుతుంది. దొరికి తీరుతుందని మాట ఇవ్వలేను గాని, అమ్మమ్మగారు తన గొంతు తాను వింటే పెదవి విప్పవచ్చు, పాడినది ఏదైనా దాచి ఉంచారా? దాచి ఉంచారు. అదే వచ్చిన చిక్కు. వచ్చేవారం నుంచి ఆశ్రితకు శ్రీకాకుళంలో ఉద్యోగం. నెలకొకసారి రావడం కూడా అనుమానమే. రెండుసార్లు జ్ఞానాంబ ఆశ్రిత ఎదుట కూనిరాగం తీయబోయి, తన గొంతు పగిలిన కుండలా పలికేసరికి ముఖం గోడవైపు తిప్పుకుంది. తిప్పుకున్న ముఖం ఇటు తిరగాలంటే, అరచేతి వెడల్పు ఉన్న ఈ నల్లని డిస్కు, ఈ మధ్యాహ్నమే, తెరుచుకోవాలి.

ఇంకోసారి. పల్లవి స్వరాల అక్షరాల నడుమ ఖాళీలు లేకుండా. బావి. చేద.

తెరుచుకోదు. తెరవనివ్వకూడదనే గదా కట్టినది. ఆయన ఉద్యోగ విరమణ చేసిన సంవత్సరం, కొత్తగా లినక్స్ అనే కంప్యూటరు వ్యవస్థను నేర్చుకుని, ఎవరి సహాయమూ లేకుండా ఎక్కించుకుని, మీసం మెలివేయడం ఒక్కటే తక్కువగా తిరిగిన రోజులవి. అత్తగారు, జ్ఞానాంబ తల్లి, పోయి ఏడాది నిండలేదు. శృంగవరపుకోట దగ్గర కొండల నీడలో ఉన్న వేణుగోపాలస్వామి కోవెలలో ఆవిడ తరతరాల హక్కుగా పవళింపు సేవ పాడేది. గర్భగుడి తలుపు ఓరగా వేసిన తరువాత, హారతి కొండెక్కిన తరువాత, స్వామికి జోలపాట. అది మనుషుల చెవుల కోసం కాదు. ఒకసారి మొదలుపెడితే నడుమ ఆపకూడదు, ఆపితే స్వామి నిద్ర చెదురుతుంది; పూర్తయ్యాక తెల్లవారేదాకా ఎవరూ ఆ ప్రాంగణంలో నోరు విప్పకూడదు. మీ అమ్మగారి దగ్గర నేర్చుకున్నవన్నీ నీతోనే పోతాయి కదా, రికార్డు చేసి ఉంచుదామన్నాడు ఆయన. జ్ఞానాంబ చాలా రోజులు ఒప్పుకోలేదు. చివరికి ఒక షరతు పెట్టింది. తలుపు వేసుకుని తాను ఒక్కతే పాడుతుంది, మీట తానే నొక్కుకుంటుంది, పాడినవన్నీ తన తాళంలోనే ఉండాలి, ఆ తాళం మరెవరి దగ్గరా ఉండకూడదు.

ఆ తాళాలెన్ని రకాలో, ఆమె మల్లెపూలు గుచ్చుతుండగా, ఆయన విడమరిచి చెప్పాడు. ఈసీబీ అని ఒక పద్ధతి ఉంది, సమాచారాన్ని ముక్కలు చేసి ఏ ముక్కకు ఆ ముక్కను విడిగా బిగిస్తుంది, ఒకేలాంటి ముక్కలు బిగించాక కూడా ఒకేలా ఉంటాయి గనుక లోపలి బొమ్మ పొందూరు సన్నబట్ట వెనుక నిలబడ్డ మనిషిలాగ ఆకారం బయటపెట్టుకుంటుంది, అది పనికిరాదు. ఎక్స్‌టీఎస్ కొత్తది, ఇప్పుడందరూ దాన్నే మెచ్చుకుంటున్నారు. ప్రతి ముక్కనూ అది ఉన్న చోటుతో ముడివేస్తుంది, టిక్కెట్టు మీద కుర్చీ నంబరులాగ. పక్కవాడితో సంబంధం లేదు. సీబీసీ పాతది, దానిలో ప్రతి ముక్కనూ బిగించే ముందు, అంతకుముందు బిగిసిన ముక్కతో కలిపి పిసుకుతారు, ఒకదాని చేయి ఒకటి పట్టుకుని నడుస్తాయి. "నడుమ ఒకటి పాడైపోతేనో?" అని ఆమె సూది ఆపి అడిగింది. అదీ పోతుంది, పక్కదీ కొంత దెబ్బ తింటుంది, ఆ తరువాతది మళ్లీ సరిగానే వస్తుంది అన్నాడు. "రెండడుగులు తూలి, మూడో అడుగుకి నిలదొక్కుకుంటుందన్నమాట. అదే వెయ్యండి." కొత్తదే మేలని ఆయన చాలా వాదించాడు. ప్రమాణాలు చూపించాడు. ఆమె దారం కొరికి ముడి వేసుకుంది. పాతదే వేశాడు.

అప్పుడు ఆమె పాస్‌ఫ్రేజు నొక్కుతుంటే ఆయన కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. తాటిముంజలవాడు వీధిలో తట్ట దించుకుంటున్నాడు. ఆమె ఒక్క వేలితో, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, పెదవుల వెనుక ఏదో అనుకుంటూ నొక్కుతున్నది. ఆ అనుకోవడం చెవిన పడకూడదని ఆయన పదిహేడో ఎక్కం మనసులో చదువుకున్నాడు. అయిన తరువాత ఆమే చెప్పింది. "అమ్మ పాట పల్లవేనండీ, స్వరాలన్నీ వరుసగా. నాకు చేతకాని రోజు వస్తే మీరు నొక్కండి." చేతకాని రోజు వచ్చింది. కాని ఆ డిస్కులో తాళంచెవులకు ఎనిమిది గూళ్లుంటే ఒక్కదానిలోనే తాళంచెవి ఉంది, ఆమెది. రెండోదానిలో తనది పెట్టుకోవడం ఆయనకు అరనిమిషం పని. పెట్టుకోలేదు. మాట అన్న తరువాత మాటే.

"బాబుగోరూ."

తవిటమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. జ్ఞానాంబకు స్నానం చేయించడానికీ, చేతికి నూనె రాసి మర్దనా చేయడానికీ కుదిరిన మనిషి. కళింగపట్నంలో చేపలమ్మి, మొగుడు పోయాక ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్నది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా మనవడికి జ్వరమట, కన్ను మూతపడలేదట.

"అమ్మగోరు తొంగోనంటన్నారు. ఉయ్యాలబల్ల మీద కూకోబెట్టినాను. మీరేటి, పొద్దుటికాణ్ణుంచి ఆ పెట్టితోటి దెబ్బలాడతన్నారు?"

దెబ్బలాట కాదు, తాళం తీస్తున్నానని ఆయన గంభీరంగా చెప్పాడు.

"మా మావ కూడా ఒకపాలి ఇలాగేనండి. ఇంటి తాళంసెవి సంద్రంల పడేసుకొని వచ్చి, గుమ్మంకాడ కూకొని తాళంకప్పని బతిమాలినాడు. నానొచ్చి రాయెట్టి ఒక్కటిచ్చినాను."

"ఇది రాయికి లొంగే తాళం కాదు తవిటమ్మా."

"ఏసినోలికీ లొంగక, రాయికీ లొంగక, అదేటి తాళమండి బాబూ," అనుకుంటూ వెళ్లిపోయింది. కొంతసేపటికి హాలులో ఉయ్యాలబల్ల గొలుసులు కిర్రుమని మొదలుపెట్టాయి. కిర్రు, కాస్త విరామం, కిర్రు.

ఆయన మళ్లీ మొదటినుంచి వచ్చాడు. మెట్లు వదలకూడదు. డిస్కు ఆరోగ్యం చూశాడు. అరిగిన జాడ లేదు. సిస్టం చిట్టా చదివాడు. ఎర్రర్ ఒక్కటీ లేదు. హెడర్, అంటే డిస్కు మొదట్లో తాళం తాలూకు వివరాలన్నీ ఉండే భాగం, చెక్కు చెదరలేదు. విశాఖపట్నంలో ఇదే పనిలో ఉన్న పాత శిష్యుడు మోహనకృష్ణ నిన్న ఫోనులో వివరాలన్నీ విని అదే అన్నాడు. తాళం బాగానే ఉంది మాస్టారూ, మీరు ఇస్తున్న మాటే తేడా. డిస్కు పంపండి, తెలిసిన స్వరాలతో ఒక ప్రోగ్రాం నడిపిస్తాను, అదే పడుతుంది లెండి అన్నాడు. ఆయన వద్దన్నాడు. ఇంకొకరి యంత్రం ఆ పాటను రాత్రింబవళ్లు తడుముతుండడం ఆయన ఊహించలేకపోయాడు. కీబోర్డు తెలుగులో పడి ఉందేమోనని చూశాడు, లేదు. పెద్దక్షరాలు చూశాడు. దీర్ఘస్వరాలకు అక్షరం రెండుసార్లు నొక్కి చూశాడు. ఆమె శిష్యురాళ్లకు చెప్పిన సంగీత పాఠం ఆయనకు కంఠతా వచ్చు, సంవత్సరాల తరబడి సాయంకాలం సాయంకాలం ఈ హాలులోంచే వినిపించింది, అదే నొక్కుతున్నాడు. నీలాంబరి రాగం. పల్లవి చివర ప మ గ రి గ స. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు. బావి. చేద దిగుతున్నది. తగిన తాళంచెవి లేదు.

కిర్రు. విరామం. ఎండ కిటికీ ఊచల నీడల్ని బల్ల మీదికి జరిపింది. పక్కింట్లో ఎవరో పోపు పెట్టారు, ఈ వేళప్పుడు పోపేమిటి, ఇంగువ వాసన. ఇంగువ వాసనతో శృంగవరపుకోట వంటిల్లు, అత్తగారి మడిచీర, పెళ్లయిన కొత్తలో తనను మొదటిసారి కోవెలకు తీసుకువెళ్లిన సాయంత్రం. అల్లుడైనా లోపలికి రాకూడదు. మండపం మెట్టు మీద కూర్చున్నాడు. కొండ మీదనుంచి చల్లగాలి దిగుతున్నది. ఓరతలుపు సందులోంచి ఒక దీపపు గీత రాతి నేల మీద పడి ఉంది. ఆ గీత మీదుగా పాట బయటికి వచ్చింది. గొంతు పెద్దది కాదు. ఊయలకు ఎంత బలం కావాలో అంతే ఉంది. ఆ ముసలావిడ పల్లవి దించుతూ దించుతూ గాంధారం మీదికి వచ్చింది. ఇక దిగిపోతుందనుకున్న చోట దిగలేదు. వెనక్కి మధ్యమం మీదికి ఒక్కసారి వెళ్లివచ్చి, అప్పుడు దిగింది. బిడ్డ పడుకున్నాడని లేవబోయిన తల్లి, రెప్ప కదిలిందని అనుమానం వచ్చి ఉయ్యాలను ఇంకొక్క ఊపు ఊపి వదిలినట్టు. ఆ ఊపుకు తన ఒళ్లు ఝల్లుమన్నదా? మన్నదేమో. మరునాడు బస్సులో, మామిడితోటలు వెనక్కి పోతుండగా, తాను జ్ఞానాంబకు చెప్పినది మాత్రం వేరు. ఆ మధ్యమం ప్రక్షిప్తం. అచ్చయిన స్వరలిపిలో లేదు. మీ అమ్మగారు అలవాటుగా కలిపి ఉంటారు. కొత్త పెళ్లికూతురు కిటికీ కమ్మీ మీద వేళ్లతో తాళం వేస్తూ వింది. అవునూ కాదూ అనలేదు. శిష్యురాళ్లకు డిప్లొమా పరీక్షలుంటాయి గనుక పుస్తకంలో ఉన్నట్టే చెప్పింది. ఇంట్లోనూ అలాగే పాడింది, ఆయన వింటున్నంతవరకూ.

తానైతే ఏ ముక్కనైనా ఎక్కడినుంచి కావలిస్తే అక్కడినుంచి అందుకోగలడు. సూత్రం చెప్పమంటే సూత్రం, నిరూపణ చెప్పమంటే నిరూపణ. ఏ కుర్చీ నంబరుకు ఆ కుర్చీ. ఆమెకు అలా కాదు. చరణం రెండో పాదం చెప్పమంటే, ఉండండి అని పల్లవి ఎత్తుకునేది. మొదటి పాదం చేయి పట్టుకుని గాని రెండో పాదం వచ్చేది కాదు. సామాను జాబితా కూడా అంతే, కందిపప్పు అంటేనే మినపప్పు గుర్తుకు వచ్చేది. ఆమెను విడిమాటలు అడుగుతున్నారు ఇప్పుడు. ఇదేమిటి? చెంచా. ఇదేమిటి? గొడుగు. ఎవరి చేయీ పట్టుకోకుండా ఒంటరిగా వచ్చి నిలబడమని ఒక్కొక్క మాటనూ అడుగుతున్నారు. ఎలా వస్తుంది. ఎందుకు వస్తుంది. గొడుగు చేయి పట్టుకుని ఎవరున్నారు, వాన, వాన చేయి పట్టుకుని అరుగు, అరుగు మీద పూలసజ్జ. ఆయన కళ్లు మూతపడ్డాయి.

కళ్లు తెరిచేసరికి గొలుసుల కిర్రు నెమ్మదించి ఉంది. హాలులో తవిటమ్మ మాట లేదు. ఏదో ఉంది. ముందు పంపులో నీళ్ల చప్పుడనుకున్నాడు. తరువాత వీధి చివర రేడియో అనుకున్నాడు. కుర్చీలో కదలకుండా, ఊపిరి కూడా సగానికి ఆపి విన్నాడు.

తలుపు సందులోంచి కనిపించినంత మేర చూశాడు. తవిటమ్మ ఉయ్యాలబల్ల పక్కన నేల మీద చతికిలబడి, బల్ల అంచుకు తల ఆన్చి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నది. జ్ఞానాంబ ఎడమచేయి ఆ నెరసిన తల మీద ఉంది. కాలి బొటనవేలితో నేలను తట్టుతూ బల్లను ఊపుతున్నది, ఎంత సన్నగానంటే ఆనుకున్న తల కదలనంత సన్నగా. పాడుతున్నది. పాటలో మాటలు లేవు. సాహిత్యమంతా పోయింది. స్వామి పేరు పోయింది, శేషశయ్య పోయింది, పూలపానుపు పోయింది. ప్రతి చోటా ఒకటే మాట, అది, అది, అదీ అది, రాగం మీద పరిచినట్టు. మాటలు లేనందువల్ల స్వరాలు నీటి అడుగున గులకరాళ్లలాగ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఇన్నేళ్లూ సాహిత్యం వింటూ స్వరం విన్నాననుకున్నాడు. పదిహేడో ఎక్కం ఆయనకు ఈసారి గుర్తుకు రాలేదు.

పల్లవి దిగుతున్నది. ప. మ. గ. ఇక దిగిపోవలసిన చోట దిగలేదు. వెనక్కి వెళ్లింది. తవిటమ్మ రెప్ప కదిలిందేమో. మ. గ. రి. గ. స.

ఆయన వేళ్లు మీటల మీద ఉన్నాయి. ఆమె పల్లవి మళ్లీ ఎత్తుకుంది. పవళింపు పాటలో పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది, తొందరలేదు. ఆమె ఒక్కొక్క స్వరమే అంటుంటే ఆయన ఒక్కొక్క అక్షరమే నొక్కాడు, ఒక్క వేలితో, ఆమె నొక్కినట్టే. పుస్తకంలో లేని మధ్యమం దగ్గర వేలు తనంతట తానే ఒక్క క్షణం తటపటాయించి, ఆపైన వెళ్లింది. ఎంటర్. బావి. ఈసారి చేద దిగుతుంటే పైన పాట వినిపిస్తూనే ఉంది.

తెర మీద ఏమీ పడలేదు. తెరుచుకున్నదని ఆ యంత్రం చెప్పదు. తప్పయితేనే మాట్లాడుతుంది, ఒప్పయితే మాట లేకుండా కింది వరుసలో ఖాళీ గీత వెలిగించి ఊరుకుంటుంది. ఆ గీత వెలిగి ఆరుతున్నది. లోపల ఆమె గొంతు ఉంది, మాటలన్నీ ఉన్న గొంతు, ఇక రెండు ఆదేశాలు ఇస్తే వినవచ్చు. ఆయన చేయి ముందుకు పోలేదు. హాలులో పాట ఆగిపోయింది.

లేచి గుమ్మంలోకి వెళ్లాడు. జ్ఞానాంబ గాంధారం మీద చిక్కుకుని ఉంది. పెదవులు ఆ స్వరం ఆకారంలోనే ఉన్నాయి, తరువాతది అందడంలేదు. ఆయనను చూసింది. చూసిన ఆ కళ్లలోకి, గోడవైపు తిరగబోయే ముందు వచ్చే సిగ్గు వచ్చింది. పాటను నడుమ ఆపకూడదు. స్వామి నిద్ర చెదురుతుంది. ఆ సంగతి ఇంట్లో ఇద్దరికే తెలుసు.

అనంతపద్మనాభంగారు జన్మలో పాడిన మనిషి కాదు. గొంతు సవరించుకోవడానికి కూడా వ్యవధి లేదు.

"మా," అన్నాడు.

గీరుకుపోయిన, శ్రుతికి కొంచెం కిందుగా పడిన మధ్యమం. జ్ఞానాంబ కనుబొమలు కలుసుకున్నాయి, వెనుకబడ్డ శిష్యురాలి వైపు చూసేటప్పుడు కలుసుకున్నట్టు. శ్రుతి ఎక్కడుందో చూపిస్తూ ఆ మధ్యమాన్ని తానే మళ్లీ పలికింది. రెండు స్వరాలు తూలింది. మూడోదానికి నిలదొక్కుకుని, రి, గ, స మీదికి వచ్చి, అక్కడ పాటను పడుకోబెట్టింది.

గేటు దగ్గర స్కూటరు ఆగింది. ఆశ్రిత చెప్పులు విడిచి వస్తూనే, రికార్డింగు దొరికిందా తాతగారూ అని అడగబోయి, ఆయన వెనక్కి తిరగకుండానే ఎత్తిన అరచేయి చూసి గడప అవతలే ఆగిపోయింది. పాట అయిన తరువాత మాట్లాడకూడదు. తవిటమ్మ నిద్రలో బల్ల మీద చెంప ఇంకొంచెం సర్దుకుంది. జ్ఞానాంబ ఆ తలవైపు చూసి, భర్తవైపు చూసి, గొలుసువైపు గడ్డంతో చూపించింది.

ఆయన వెళ్లి, గొలుసు పట్టుకుని, ఇంకొక్క ఊపు ఊపాడు.